రెండు రోజుల పెళ్ళిలో మన పూట

షాంటిలీ, వర్జీనియా
2025 మే 18

వదినా,

చేత్తో రాసిన కవరు చూసి హడలిపోయి ఉంటావు. ఎవరికీ ఏమీ కాలేదు. ఉత్తరం ఎందుకంటే, నా మెసేజ్‌లన్నీ మాయ ఐప్యాడ్‌లో కూడా కనపడుతున్నాయని మొన్ననే తెలిసింది. "ఆ అబ్బాయి గడ్డం తీసేస్తే బాగుంటాడు" అని నీకు పంపానా, దాన్ని మా అమ్మాయీ ఆ అబ్బాయీ పక్కపక్కన కూర్చుని అనువాదం చేయించుకుని మరీ చదివారట. పోనీ ఫోన్ చేద్దామంటే అన్నయ్య స్పీకర్ పెట్టమంటాడు. ఆయన చెవిన పడ్డ మాట సాయంత్రానికి గుళ్ళో ప్రసాదంతో పాటు పంచిపెడతాడు. అందుకని స్టాంపులు కొన్నాను. నా చేతిరాత చదవాలంటే ఏ ఫోనైనా ఇంకో పదేళ్ళు చదువుకోవాలి.

కబురేమిటంటే, పెళ్ళి ఖాయమైంది. అక్టోబర్ 11, 12. అబ్బాయి నిరన్‌ని నువ్వు జెర్సీ సిటీలో చూశావుగా. వాళ్ళమ్మ మాలీ గారిది థాయిలాండ్. నాన్న రిచర్డ్ గారిది ఇక్కడే, నార్ఫోక్. ముందు ఫుకెట్‌లో చేసుకుందామనుకున్నారు. మీ అల్లుడు జితేందర్, "హెచ్-వన్-బి మీద ఉన్నాను పిన్నీ, దేశం దాటితే మళ్ళీ వీసా స్టాంపింగ్, స్టాంపింగ్ అంటే వెళ్ళడమే మన చేతిలో ఉంది, రావడం కాదు" అన్నాడు. ఆ ఒక్కడి కోసం సముద్రాన్నే మార్చేశారు. ఇప్పుడు నార్త్ కరొలైనాలో ఔటర్ బ్యాంక్స్ అనే చోట, ఇసక దిబ్బల మీద పెద్ద అద్దె ఇంట్లో. మాకు కారులో ఐదు గంటలు.

శనివారం థాయి పద్ధతి. ఆదివారం అమెరికన్ పద్ధతి. "మరి మన పద్ధతి ఎప్పుడమ్మా?" అన్నాను. మాయ ల్యాప్‌టాప్ కేసి చూస్తూ, "నో అమ్మా. నాకు వద్దు. ప్లీజ్, ఎందుకని అడగకు" అంది.

అంతే వదినా. జీలకర్ర బెల్లం లేదు, తలంబ్రాలు లేవు, ముత్తెమంత పసుపు లేదు. వాళ్ళ నాన్న పోయి పదేళ్ళు. ఈ పదేళ్ళూ నేనూ అదీ ఒకరికొకరం. దానికి తెలుగంటే సిగ్గా, నేనంటే సిగ్గా? నాకు ఒక్కటే తెలియాలి. నా కూతురి పెళ్ళిలో నా చోటెక్కడ? తెలియని తంతు చూస్తూ రెండు రోజులు చుట్టంలాగా కూర్చుని చప్పట్లు కొట్టి రావాలా?

నీ బుర్ర పాదరసం. ఏదైనా ఉపాయం చెప్పు.

నీ ఆడపడుచు
సుమతి

తా.క. ఈ ఉత్తరం అన్నయ్యకి చూపించకు.


పిస్కాటవే, న్యూజెర్సీ
మే 27

సుమతీ,

నీ కవరు నాకంటే ముందు మీ అన్నయ్యే చూశాడు. "ఏమిటది?" అన్నాడు. "కిరాణా కూపన్లు" అన్నాను. కూపన్లంటే బస్తా మొయ్యాల్సి వస్తుందని ఆ మనిషి వెంటనే పైగదికి వెళ్ళిపోయాడు. ముప్పై ఏడేళ్ళ కాపురంలో నేర్చుకున్న విద్యలు ఇవి.

ముందు ఏడుపు ఆపు. కందకి లేని దురద కత్తిపీటకెందుకు అని నేనే అనాలి, కానీ అనలేను. ఎందుకంటే నాకూ దురదగానే ఉంది. మా అంకితకి ఏడువందల మంది మధ్య పెళ్ళి చేశాం. మా హర్షిత్‌కి కూడా సంబంధం కుదిరేలా ఉంది, పిల్ల పేరు దియ, వాళ్ళూ మనవాళ్ళే. అలాంటిది మన ఇంటి మాయకి మంగళసూత్రం లేని పెళ్ళా? రెండు రోజుల పెళ్ళిలో మనకి ఒక్క పూట దొరకదా?

దొరుకుతుంది. మాయ అందరికీ పంపిన పెళ్ళి షీటు ఉంది చూశావా, గంట గంటకీ గడి గీసి పెట్టింది, అది మొత్తం కళ్ళజోడు మార్చి మార్చి చదివాను. శనివారం సాయంత్రం 4:10 నుంచి 5:30 దాకా "ఫ్రీ టైమ్, బీచ్" అని ఉంది. ఎనభై నిమిషాలు! మా పెళ్ళి మూడు రోజులు జరిగిందంటే అందులో రెండున్నర రోజులు మీ బాబాయిలు కాఫీ చల్లారిందని అలిగినందుకే. అసలు పెళ్ళికి ఎంతసేపు కావాలి?

ఇక్కడ శశికాంత్ శర్మ గారని ఉన్నారు. వారమంతా మందుల కంపెనీలో ఇంజినీరు, శని ఆదివారాలు పురోహితుడు. ఆయన దగ్గర రెండు రకాలున్నాయి: డెబ్బై అయిదు నిమిషాల పెళ్ళి, నలభై నిమిషాల పెళ్ళి. నలభైది మాట్లాడాను. మామూలు అతిథిలాగా ప్యాంటూ చొక్కాలో వస్తాడు, సంచిలో పంచె ఉంటుంది. పిల్లలు ఇసకలో ఆడుకుంటూ ఉంటారు కదా, అక్కడికక్కడ కూర్చోబెట్టి కానిచ్చేద్దాం. ఒకసారి జీలకర్ర బెల్లం నెత్తిన పడ్డాక ఏ పిల్లయినా ఏం చేస్తుంది?

కన్యాదానం గురించి బెంగపెట్టుకోకు. పీటల మీద మీ అన్నయ్యా నేనూ కూర్చుంటాం. మేమున్నది అందుకే కదా. చీర కూడా తీసి పెట్టాను, చిలకాకుపచ్చ కంచిపట్టు. నువ్వు నిశ్చింతగా వచ్చేపోయేవాళ్ళ సంగతీ ఫలహారాల సంగతీ చూసుకుందువుగాని.

నీ వదిన
లక్ష్మీకాంతం


షాంటిలీ
జూన్ 14

వదినా,

ఉపాయం బాగుంది. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు పురోహితుణ్ణి సంచిలో పెట్టుకెళ్ళడం నీకే చెల్లింది.

మొన్న ఆదివారం మాలీ గారు నార్ఫోక్ నుంచి మా ఇంటికి వచ్చారు. పళ్ళ డాక్టరు దగ్గర పని చేస్తారట. అందుకేనేమో, మాట్లాడుతున్నంతసేపూ నా పళ్ళ కేసి చూశారు. చెప్పులు గుమ్మం బయట విడిచి, రెండు చేతులూ జోడించి, ఖాళీ చేతుల్తో రాకూడదని మామిడిపళ్ళు తెచ్చారు. వియ్యపురాలి మీద కోపం తెచ్చుకుందామని పొద్దున్నించీ కూడగట్టుకున్నాను, ఆ మామిడిపళ్ళతో సగం పోయింది.

వాళ్ళ తంతు అంతా చెప్పారు. పొద్దున్నే తొమ్మిదిమంది బౌద్ధ భిక్షువులకి అన్నం పెట్టడం. ఆ తర్వాత మగపెళ్ళివారు డోలు వాయించుకుంటూ, అరటి మొక్కలూ చెరకు గడలూ పళ్ళాలూ పట్టుకుని ఊరేగింపుగా రావడం. ఇక అసలుది నీళ్ళు పోయడం. పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ చేతులు జోడించి కూర్చుంటారు, ఇద్దరి తలల మీదా ఒకే దారం. పెద్దవాళ్ళు ఒక్కొక్కరూ వచ్చి శంఖంతో వాళ్ళ చేతుల మీద నీళ్ళు పోసి దీవిస్తారు. ఆవిడ శంఖం కూడా తెచ్చి చూపించారు, వాళ్ళమ్మమ్మదట. మన ధారపోయడం లాగే ఉందే అనిపించింది, పైకి అనలేదు.

షీటులో నా పేరు ఎదురుగా పదకొండు పనులున్నాయి. భిక్షువులకి వడ్డన అమ్మ. పళ్ళాలు అందుకోవడం అమ్మ. నీళ్ళు అమ్మ. ఆదివారం అయితే దాన్ని చెయ్యి పట్టుకుని నడిపించుకు వెళ్ళడం అమ్మ, మొదట మాట్లాడేది అమ్మ, డాన్సు కూడా అమ్మే! నేనేం డాన్సు చేస్తాను వదినా? మనుషులు దొరక్క అన్నిటికీ నా పేరు రాసినట్టుంది. చాకిరీకి అమ్మ పనికొచ్చింది, అమ్మ పద్ధతి పనికిరాలేదు.

పీటల మీద మీరు కాక ఎవరు కూర్చుంటారు. చీర రంగు నీకు బాగుంటుంది.

ఇక్కడ చిక్కుళ్ళు బాగా పట్టాయి. కుందేళ్ళు తింటున్నాయి.

సుమతి


పిస్కాటవే
జూలై 6

సుమతీ,

కుందేళ్ళకి మిరియాల పొడి చల్లు.

ఇక్కడ పెద్ద తమాషా జరిగింది. మాయ ఫోన్ చేసి, "అత్తా, నువ్వూ మామయ్యా గోల్డ్ గేట్ దగ్గర నించోవాలి. గోల్డ్ చైన్ తెచ్చుకో" అంది. ఏదో కాపలా పని అనుకుని నాకు ఒళ్ళు మండింది. తీరా అడిగితే, ఊరేగింపుగా వచ్చిన పెళ్ళికొడుకుని ఆడపిల్ల తరఫు వాళ్ళు బంగారు గొలుసు అడ్డంపెట్టి ఆపేస్తారట. అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పి, అడిగింది చేస్తే గానీ గొలుసు దించరట. ఓసి నీ! ఇది మన వాళ్ళ తలుపు దగ్గర పేర్లు చెప్పించడమే కదా. నన్ను గుమ్మం దగ్గర పట్టుకుని మీ అన్నయ్య పేరు చెప్పమని నువ్వు గంటసేపు నిలబెట్టలేదూ? ఆ కక్ష ఇన్నేళ్ళకి నీ అల్లుడి మీద తీర్చుకునే యోగం పట్టింది. ప్రశ్నలు రాసుకుంటున్నాను.

కానీ ఒక అపశకునం. వాళ్ళకి తొమ్మిది అంకె మంచిదని ఊరేగింపు సరిగ్గా తొమ్మిది గంటల తొమ్మిది నిమిషాలకి పెట్టారు. శనివారం తొమ్మిది నుంచి పదిన్నర రాహుకాలం! నాకు గుండె ఆగినంత పనైంది. శర్మ గారికి ఫోన్ చేస్తే ఆయన ఎక్సెల్ తెరిచి, ఆ ఊళ్ళో ఆ రోజు సూర్యోదయం ఏడు దాటాక కాబట్టి రాహుకాలం పదింటి దగ్గర మొదలవుతుంది, తొమ్మిదీ తొమ్మిది శుభ్రంగా బయటే ఉందన్నారు. మొత్తానికి వాళ్ళ తొమ్మిదీ మన రాహువూ సర్దుకున్నారు. మనం ఇంటర్నెట్టులో చూసే రాహుకాలం ఎవరిదో ఏమిటో, ఇన్నేళ్ళూ అనవసరంగా ఆఫీసుకి ఆలస్యంగా పంపాను మీ అన్నయ్యని.

మన పని సగం అయినట్టే. మరిచిపోతానని ఆ 4:10 గడిలోనే "పెళ్ళి, పీటలు: వీరభద్రరావు, లక్ష్మీకాంతం. వంట హాలు: సుమతి" అని రాసి పెట్టుకున్నాను. తెలుగులోనే రాశాను, భయం లేదు. ఆ షీటు చూసే అరవైమందిలో తెలుగు చదివేది మనమే.

లక్ష్మీకాంతం


పిస్కాటవే
జూలై 20

శ్రీమతి సుమతి గారికి,

నమస్కారములు. తమరు కుశలమని తలుస్తాను.

తమరి కుమార్తె షీటులో నేను రాసుకున్న మాటలు ఫోన్ చేత చదివించుకున్నదట. చదివించుకుని మా అంకితకి ఫోన్ చేసి, "మామయ్యా అత్తా నా పెళ్ళిలో స్టేజ్ మీద కూర్చోవడం నాకు వద్దు" అని చెప్పినదట. అంకిత నాకు చెప్పినది. మీ అన్నగారికి నేను చెప్పలేదు. చెబితే ఆయన తట్టుకోలేరు. పదేళ్ళుగా ఆ పిల్ల ఫీజుకీ జ్వరానికీ పరిగెత్తినది ఆయనే.

ఆ పిల్లకి అంత మాట ఎక్కడినుంచి వచ్చినదో మాకు తెలుసు. మే నెలలో మేము పీటలన్నాము, జూన్‌లో తమరు "చీర రంగు బాగుంటుంది" అని ఒక్క ముక్కతో సరిపెట్టినారు. ఇష్టం లేకపోతే మాకే చెప్పవలసినది. పిల్లతో చెప్పించనక్కర లేదు.

పెళ్ళికి వస్తాము. అక్షతలు లేవు కాబట్టి పువ్వులు వేసి, భోజనము చేసి వెళ్తాము.

ఇట్లు
వి. లక్ష్మీకాంతం


షాంటిలీ
జూలై 27

వదినా,

నువ్వు నన్ను "గారు" అనడం ఇదే మొదటిసారి. చదివి ముందు నవ్వాను, తర్వాత వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

నేను మాయకి ఒక్క మాట చెప్పలేదు. ఒట్టు. ఆ పిల్ల నాకూ ఫోన్ చేసింది. "అమ్మా, నీకు ఇది తెలుసా? నువ్వు ఓకే అన్నావా?" అని అడిగింది. తెలుసన్నాను. "వంట హాలు: సుమతి, ఇది కూడా ఓకేనా?" అంది. అందులో ఏముంది, ఎవరో ఒకరు చూసుకోవాలిగా అన్నాను. ఫోన్ పెట్టేసింది. పన్నెండు రోజులైంది, "బిజీ అమ్మా" తప్ప వేరే మాట లేదు. నువ్వేమో నా వల్లే మీకు పీటలు పోయాయంటున్నావు, అదేమో నా మొహం చూడటం లేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తారని విన్నాను, ఇక్కడ అత్తకీ కోపమే, కోడలికీ కోపమే, దుత్తని నేనొక్కదాన్నే.

పీటలు ఎప్పుడైనా అడిగానా వదినా? ఆయన పోయినప్పటినుంచి ఏ శుభకార్యంలోనైనా ఏదైనా అడిగానా? ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడ్డాను. "చీర రంగు బాగుంటుంది" అన్న ఆ ఒక్క ముక్క రాయడానికి నాకు రెండు కాగితాలు చిరిగాయి. అది చాలు, ఇంకేం రాయను.

శర్మ గారిని రావద్దని చెప్పు. మన పద్ధతి వద్దని పిల్ల తెగేసి చెప్పాక బలవంతంగా నెత్తిన పోసేదాన్ని దీవెన అనరు. దానికి మనమంటే సిగ్గైతే అయింది, పెళ్ళయినా సంతోషంగా చేసుకోనీ.

సుమతి


పిస్కాటవే
ఆగస్టు 10

సుమతీ,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

నీ ఉత్తరం చదివాక కూడా నా కోపం తగ్గలేదు. నిన్న ఎడిసన్‌లో రైలెక్కి, న్యూవార్క్‌లో మారి జెర్సీ సిటీ వెళ్ళాను, మాయని నిలదీద్దామని. కోపంగా వెళ్తూ కూడా పులిహోర డబ్బా ఎందుకు పట్టుకెళ్ళానో నాకే తెలియదు. ముప్పై ఒకటో అంతస్తు. తలుపు తీసి నన్నూ డబ్బానీ చూసి, "లోపలికి రా అత్తా" అంది.

"మా మీద అంత అసహ్యమా?" అని అడిగేశాను, చెప్పులు విప్పకుండానే.

"నో! మొత్తం విన్నావా? అంకితకి నేను చెప్పింది, స్టేజ్ మీద అమ్మ ప్లేస్‌లో మీరు వద్దు అని. అమ్మ ప్లేస్‌లో, అత్తా."

అంకిత రెండో సగం నాకు చెప్పలేదు. అది వాళ్ళమ్మ కూతురు, సగం వినగానే ఫోన్ చేసేసింది.

"తెలుగు పెళ్ళి ఇష్టం లేదన్నావుగా" అన్నాను.

"ఇష్టమే. అంకిత పెళ్ళిలో నేను చూశాను కదా. నీకు గుర్తుందా, మంగళసూత్రం ప్లేట్? అందరూ టచ్ చేసి బ్లెస్ చేస్తారు కదా, నువ్వే తీసుకొచ్చావు. ఆ వరస మొత్తం వచ్చావు. అమ్మ దగ్గర ఆగలేదు. అమ్మ చెయ్యి ఆల్రెడీ పైకి వచ్చింది, అత్తా. తర్వాత ఆ చేత్తో జుట్టు సర్దుకుంది. లేచి కాఫీ చూడటానికి వెళ్ళిపోయింది. పక్కన నేనే ఉన్నాను."

అప్పుడు చెప్పులు విప్పి కూర్చున్నాను.

"నాకు అప్పుడు ట్వెంటీ ఫోర్. ఆ రోజే డిసైడ్ చేసుకున్నా. అమ్మని పక్కకి జరుగు అనని పెళ్ళి కావాలి నాకు. నిరన్ వాళ్ళ మామ్ చెప్పింది, వాటర్ ఏ పెద్దవాళ్ళైనా పోయొచ్చు, అమ్మ ఫస్ట్ పోయొచ్చు అని. సండే అమ్మే నన్ను నడిపిస్తుంది. ఎవరూ ఏమీ అనరు. అందుకే ఆ రెండే."

"మరి అమ్మకి చెప్పొచ్చుగా, ఎందుకు ఏడిపించావు?"

"చెబితే, నాకేం బాధ లేదమ్మా, మన పద్ధతిలోనే చేసుకో అంటుంది. కిచెన్‌లోకి వెళ్ళిపోతుంది. వంట హాలు ఓకేనా అంటే ఓకే అంది అత్తా! నీకు తెలుసు అమ్మ సంగతి."

తెలుసు. ఆ షీటులో నీ పేరు పదకొండుసార్లు ఎందుకు ఉందో ఇప్పుడు తెలిసిందా? చాకిరీకి కాదే పిచ్చిదానా. ఆ పిల్ల గడి గడికీ నిన్ను కూర్చోబెట్టింది.

సుమతీ, ఆ పళ్ళెం సంగతి నాకు గుర్తు లేదు. రైల్లో అంతసేపూ గుర్తు తెచ్చుకోవడానికి చూశాను. హాలు గుర్తుంది, నా చీర గుర్తుంది, భోజనాల్లో వంకాయ కూర మాడింది గుర్తుంది. నీ చెయ్యి గుర్తు లేదు. అదే నన్ను తినేస్తోంది. గుర్తుంచుకోవలసినంత పని చేశానని కూడా నాకు తోచలేదు. మొన్నటికి మొన్న "వంట హాలు: సుమతి" అని రాసింది కూడా ఈ చెయ్యే. క్షమించమని అడగడానికి సిగ్గుగా ఉంది, అడుగుతున్నాను.

ఇంకో మాట. ఇంటికొచ్చి శర్మ గారికి ఫోన్ చేసి, "భర్త పోయిన తల్లి ఒక్కతే కన్యాదానం చెయ్యకూడదా?" అని అడిగాను. "చెయ్యొచ్చమ్మా, తల్లికి అధికారం ఉంది. పన్నెండేళ్ళలో ఈ ప్రశ్న అడిగినవారు మీరొక్కరే" అన్నారు. నువ్వు ఊఁ అంటే ఆ ఎనభై నిమిషాలూ పీట మీద నువ్వు. నేను వంట హాల్లో ఉంటాను.

మాయని నేనే ఒప్పిస్తాను. దానికి పులిహోర నచ్చింది.

నీ వదిన


షాంటిలీ
ఆగస్టు 17

వదినా,

నాలుగుసార్లు చదివాను. తర్వాత మాయకి ఫోన్ చేశాను. ఇద్దరం ఏం మాట్లాడుకున్నామో నీకు చెప్పను. నిరన్ కాసేపు ఫోన్ తీసుకుని, "ఆంటీ, ఇద్దరూ ఏడుస్తున్నారు, నేను నూడుల్స్ చేస్తాను" అన్నాడు. గడ్డం ఉంటే ఉండనీలే.

శర్మ గారు చెప్పింది బాగుంది. అయినా వద్దు. అయిదేళ్ళు మనసులో పెట్టుకుని పిల్ల నా కోసం ఒక పెళ్ళి కట్టింది. దాని మీద నేను మళ్ళీ మేడ కట్టను. ఆ ఎనభై నిమిషాలూ పిల్లల్ని సముద్రంలో ఆడుకోనీ. శర్మ గారు అక్కడ గది ముందే తీసుకుని ఉంటారు, అతిథిగా రమ్మను. పంచె తెచ్చుకోవద్దని చెప్పు.

పెళ్ళయ్యాక కొత్త దంపతుల మంచం మీద దుప్పటి పరిచే తంతు ఒకటుంది. చాలా ఏళ్ళు కలిసి కాపురం చేసిన జంటే చెయ్యాలట. నా కోసమని మాయ అది తీసేస్తానంది. నేనే ఉంచమన్నాను, మీ ఇద్దరి పేర్లు రాయించాను. అన్నీ నాకే కావాలని కాదు నేను ఏడ్చింది.

ఇక నీ సంగతి. నువ్వు మరిచిపోయావు, నేను మరవలేదు. ఆ చెయ్యెత్తింది పాత అలవాటు కొద్దీ. ఆ క్షణం ఆయన పోయారన్న సంగతే గుర్తు రాలేదు. నీ పళ్ళెం పక్కనించి వెళ్ళిపోయాక గుర్తొచ్చింది. నీ మీద కోపం ఉందా అంటే ఉంది. అయిదేళ్ళ కోపం ఒక్క ఉత్తరంతో పోదు వదినా. ఇంకో రెండు మూడు రాయి, చూద్దాం.

సుమతి

తా.క. ఆ డాన్సు నేర్పడానికి ఎవరైనా ఉన్నారా? నిజంగానే అడుగుతున్నాను.


పిస్కాటవే
అక్టోబర్ 19

సుమతీ,

పెళ్ళి నువ్వూ చూశావు, నేనూ చూశాను. అయినా రాస్తున్నాను. నువ్వు చెయ్యాల్సినవి చేస్తూ ఉన్నావు కాబట్టి కొన్ని చూడలేదు.

తొమ్మిదీ తొమ్మిదికి డోళ్ళు మోగాయి. అరటి మొక్క మోస్తున్నది మన జితేందరే. వీసా పుణ్యమా అని సముద్రం మారిందిగా, ఆ మాత్రం మొయ్యడం ధర్మం. నిరన్ నా గొలుసు దగ్గర ఆగాడు. నేను పన్నెండు ప్రశ్నలు రాసుకుని ఉన్నాను. అవన్నీ మరిచిపోయి ఒక్కటే అడిగాను, "ఈ ఇంటికి పెద్ద ఎవరు?" అని. "సుమతి గారు" అన్నాడు తెలుగులో. ఎవరు నేర్పారో తెలియదు. గొలుసు దించేశాను. మీ అన్నయ్య, "ఇంత త్వరగా వదిలేశావేమిటి, నన్నైతే ఇన్నేళ్ళయినా వదల్లేదు" అన్నాడు.

తర్వాత నీళ్ళు. మాలీ గారు శంఖం నింపి నీ చేతికి ఇచ్చారు, నీతోనే మొదలు. నువ్వు రెండడుగులు వేసి ఆగి, వెనక్కి తిరిగి చూశావు. అలా చూశానని నీకు తెలిసి ఉండదు. ఎవరైనా వద్దంటారేమోనని చూశావు సుమతీ. నీ చూపు తిన్నగా నా మీద పడింది. నేను తలూపాననుకుని ఉంటావు. తలూపలేదు, దించుకున్నాను.

నువ్వు పోస్తున్నంతసేపూ మాయ రెప్ప వెయ్యలేదు. ఆ తర్వాత నలభైమంది పోశారు, వాళ్ళందరికీ కళ్ళు మూసుకుని దీవెన తీసుకుంది. నీకు మాత్రం కళ్ళు తెరుచుకుని నిన్నే చూసింది. మీ అన్నయ్య ఏడ్చాడు. కంట్లో ఇసక పడిందన్నాడు. మేమున్నది హాల్లో.

దుప్పటి పరిచే దగ్గర మా ఇద్దరికీ గొడవైంది, ఏ కొస ఎటు లాగాలో. దాంపత్యం అంటే ఇదే కాబోలనుకుని వాళ్ళు చప్పట్లు కొట్టారు. శర్మ గారు డాన్సులో అందరికంటే ఆఖర్న ఆపారు. నీ డాన్సు గురించి ఏమీ రాయను. బాగుంది.

ఇప్పుడు అసలు సంగతి. హర్షిత్‌కీ దియకీ మార్చిలో ముహూర్తం పెట్టుకున్నాం. మన పద్ధతే. ఫిబ్రవరి నెలాఖర్లో మా ఇంట్లో పసుపు కొడతాం. మొదటి పోటు నువ్వు వెయ్యాలి. మేనత్తవి నువ్వు. వియ్యాలవారి వైపు పెద్దావిడలు గొణుగుతారు, తెలుసు. మన వైపు వాళ్ళూ గొణుగుతారు. రోలు పక్కన నేను కూర్చుంటాను, గొణిగే వాళ్ళు నాతో గొణగాలి. అది వాళ్ళ తరమా?

వస్తావా?

నీ వదిన
లక్ష్మీకాంతం


షాంటిలీ
నవంబర్ 2

వదినా,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. వెంటనే రాయలేకపోయాను.

వెనక్కి తిరిగి చూశానన్నది నిజంగా నాకు తెలియదు. తెలిశాక ఒక సంగతి ఆలోచించాను. ఈ పదేళ్ళలో నన్ను లేచి వెళ్ళమని నోరు తెరిచి అన్నవాళ్ళు ఎంతమంది అని లెక్కేస్తే ఇద్దరో ముగ్గురో తేలారు. మిగతా అన్నిచోట్లా నేనే లేచాను. పసుపు కుంకాల పళ్ళెం అవతల వరసలో కనపడగానే కాఫీలో, కారు తాళాలో, ఎవరి పిల్లో ఏడుస్తోందనో, ఏదో ఒక వంకతో లేచేదాన్ని. ఎవరికీ నన్ను దాటుకుని వెళ్ళే ఇబ్బంది లేకుండా చేసేదాన్ని. అది మర్యాద అనుకున్నాను. నా కూతురు పక్కన కూర్చుని అన్నీ చూసి నేర్చుకుంటోందని అనుకోలేదు.

పసుపు రోకలి పట్టి పదేళ్ళైంది, పోటు రోట్లో పడకపోవచ్చు. ముందే చెబుతున్నాను, నవ్వకు. మాయా నిరన్ కూడా వస్తామన్నారు, నువ్వు నా పక్కన కూర్చుంటే మా అమ్మాయి నాకు ఎదురుగా కూర్చుంటుందట.

వస్తాను వదినా. ఈసారి లేవను.

సుమతి